రైల్వే కాలనీ ఇంట్లో హోం థియేటర్: మోత కన్నా ముందు మాట వినపడాలి

బిలాస్‌పూర్ రైల్వే కాలనీల్లోని తెలుగు ఇళ్లలో కొత్త టీవీ వచ్చిన వారానికే ఒక ఫిర్యాదు మొదలవుతుంది. బొమ్మ అద్భుతంగా ఉంది గానీ మాట వినపడటం లేదు. వాల్యూమ్ పెంచితే పాట రాగానే కిటికీ రెక్కలు గలగలలాడతాయి. తగ్గిస్తే నాన్నగారికి డైలాగ్ అందదు. ఈలోగా బయట బొగ్గు గూడ్స్ ఒకటి వెళ్తుంది. అది దాటేదాకా తెర మీద ఎవరు ఎవరితో ఏమన్నారో ఇంట్లో ఎవరికీ తెలియదు. అప్పుడే ఎవరో ఒకరు అంటారు: ‘ఒక హోం థియేటర్ కొనేద్దాం.’

కొనడం సులువే. ఏది కొనాలో, కొన్నదాన్ని ఎక్కడ పెట్టాలో తేల్చుకోవడమే కష్టం. దుకాణాల్లో దొరికే సలహా ఎక్కువగా ‘ఎన్ని వాట్లు’ అన్న దగ్గరే ఆగిపోతుంది. ఈ వ్యాసం రైలు పట్టాల పక్కన ఉండే, రెండు మూడు గదుల, గోడకు గోడ కలిసిన ఇళ్ల కోసం. విశాఖలోనో వరంగల్‌లోనో అపార్ట్‌మెంట్ హాలున్న వారికి కూడా ఇందులో చాలా భాగం పనికొస్తుంది.

ఈ ఊళ్లో ఇదెందుకు చిన్న విషయం కాదు

బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కంపెనీ 1887లో ఏర్పడింది. నాగ్‌పూర్ వైపు నుంచి ఛత్తీస్‌గఢ్ మీదుగా తూర్పుకు వేసిన ఆ లైనే బిలాస్‌పూర్‌ను రైల్వే పట్టణం చేసింది. వాల్తేరు వైపు మార్గం కూడా ఆ కంపెనీ కిందే ఉండేది. దాంతో ఉత్తరాంధ్ర జిల్లాల వారు ఖరగ్‌పూర్‌కు వెళ్లినట్టే ఇక్కడికీ వచ్చారు. కంపెనీ పోయి ఆగ్నేయ రైల్వే వచ్చింది. 2003లో బిలాస్‌పూర్ కేంద్రంగా ఆగ్నేయ మధ్య రైల్వే జోన్ ఏర్పడింది. వచ్చినవారి మనవలు, మునిమనవలు ఇక్కడే ఉన్నారు. విశాఖ–కోర్బా రైలు, తిరుపతి–బిలాస్‌పూర్ రైలు వాళ్లకు ఊరి దారి.

ఈ ఇళ్లలో తెలుగు ఎక్కువగా చెవి ద్వారా బతుకుతోంది. పిల్లల చదువు హిందీలోనో ఇంగ్లిష్‌లోనో సాగుతుంది. తెలుగు మాట్లాడతారు, చదవడం చాలామందికి రాదు. మామ్మగారికి తెలుగు వచ్చు, ఇంగ్లిష్ సబ్‌టైటిల్ చదవలేరు. ఊళ్లో హాళ్లకు వచ్చే తెలుగు సినిమా ఎక్కువగా హిందీ డబ్బింగే. అసలు తెలుగు మాట మూడు తరాలూ కలిసి వినేది ఇంటి హాల్లో, ఓటీటీలోనో డీటీహెచ్‌లోనో. సబ్‌టైటిల్ చదివి సర్దుకుపోయే వీలు అందరికీ లేని ఇంట్లో, మాట స్పష్టంగా వినపడకపోతే సినిమా చూసినట్టు కాదు.

అందుకే నా వరకు ఎంపికకు మొదటి కొలబద్ద ఒక్కటే. తక్కువ వాల్యూమ్‌లో, ఫ్యాన్ తిరుగుతుండగా, ప్రతి డైలాగూ తెలియాలి. హెలికాప్టర్ నెత్తి మీద తిరగడం తరవాత సంగతి.

మాట ఎందుకు అందదు

సన్నటి టీవీల్లో స్పీకర్ పెట్టడానికి చోటు లేదు. అందుకని చిన్న స్పీకర్లను కిందికో వెనక్కో తిప్పి పెడతారు. శబ్దం గోడకో బల్లకో తగిలి మన దగ్గరికి వస్తుంది. ఇది మొదటి కారణం.

రెండోది గది. రైల్వే క్వార్టర్ల హాళ్లు చాలావరకు ఇటుక గోడ, సిమెంట్ ప్లాస్టర్, గచ్చు లేదా టైల్స్ నేల. ఇవన్నీ శబ్దాన్ని మింగవు, తిప్పికొడతాయి. ఒక అక్షరం ప్రతిధ్వని ఆగక ముందే తరవాతి అక్షరం వచ్చి దాని మీద పడుతుంది. హాలు మధ్యలో నిలబడి గట్టిగా ఒక చప్పట్లు కొట్టి చూడండి. ‘టప్’ అని ఆగితే ఫర్వాలేదు. ‘టర్ర్’మని సాగితే ఎంత ఖరీదైన స్పీకర్ తెచ్చినా మాట నలిగే వస్తుంది. ఆ డబ్బులో కొంత ముందు మందపాటి కర్టెన్లకూ, నేల మీద ఒక తివాచీకీ పెట్టడం మంచిది. దివాన్ మీద దూది పరుపు, పుస్తకాల అర, ఉతికి మడవకుండా కుర్చీలో పడేసిన బట్టల గుట్ట కూడా పనికొస్తాయి. ఈ చివరిది మన ఇళ్లలో ఖర్చు లేకుండానే ఉంటుంది.

మూడోది సినిమా సౌండ్‌ను మిక్స్ చేసే పద్ధతి. థియేటర్‌లో గుసగుసకూ పేలుడుకూ మధ్య తేడా చాలా ఎక్కువగా ఉంచుతారు. పెద్ద నిశ్శబ్దమైన హాలుకు అది సరిపోతుంది. ఫ్యాన్, కూలర్, బయట షంటింగ్ ఇంజన్ ఉన్న హాల్లో గుసగుస ఆ మోత కింద మునిగిపోతుంది. గూడ్స్ రైలు మోతలో తక్కువ పౌనఃపున్యాల శక్తి ఎక్కువ. అది పైస్థాయి ధ్వనులను కూడా కప్పేస్తుంది. దీనికి మందు చాలా సెట్లలో ముందే ఉంటుంది. సెట్టింగ్స్‌లో ‘నైట్ మోడ్’, ‘డైనమిక్ రేంజ్’, ‘డీఆర్‌సీ’ వంటి పేర్లతో కనపడుతుంది. పెద్ద చప్పుళ్లను తగ్గించి చిన్నవాటిని పెంచుతుంది. ఆడియో ప్రియులు దీన్ని చిన్నచూపు చూస్తారు. పట్టాల పక్క ఇంట్లో దీన్ని రాత్రిపూటే కాదు, పగలూ ఆన్‌లోనే ఉంచమంటాను.

నాలుగోది వయసు. పెద్దవాళ్లలో ముందు పోయేది పై పౌనఃపున్యాల వినికిడి. అచ్చుల బలం కింది స్థాయిలో ఉంటుంది కాబట్టి అవి వినపడతాయి. స, శ, చ, ఫ, త వంటి హల్లుల గుర్తు 2,000 హెర్ట్జ్‌కు పైన ఎక్కువగా ఉంటుంది కాబట్టి అవి జారిపోతాయి. తెలుగు మాట దాదాపు ఎప్పుడూ అచ్చుతోనే ముగుస్తుంది. దాంతో పెద్దాయనకు సాగుతున్న అచ్చుల వరస వినపడుతుంది, మాట మాత్రం విడిపడదు. ‘వినపడుతోంది గానీ ఏమన్నాడో తెలియట్లేదు’ అని వాళ్లు అనేది అక్షరాలా నిజం. జీవితమంతా ఇంజన్ పక్కనో వర్క్‌షాప్‌లోనో పనిచేసిన వారికి ఈ ఇబ్బంది ఇంకా ముందే వస్తుంది.

అలాంటి ఇంట్లో సౌండ్ సిస్టమ్ కొనే ముందు ఒకసారి చెవి పరీక్ష చేయించండి. ఉమీద్ కార్డు ఉన్న రిటైర్డ్ ఉద్యోగులు రైల్వే ఆసుపత్రిలోనే ఈఎన్‌టీ డాక్టర్‌ను అడగవచ్చు. వినికిడి బాగా తగ్గి ఉంటే స్పీకర్లతో ఆ లోటు తీరదు. కొన్ని టీవీలు స్పీకర్లకూ బ్లూటూత్ హెడ్‌ఫోన్‌కూ ఒకేసారి శబ్దం పంపుతాయి. పెద్దాయనకు హెడ్‌ఫోన్ ఇచ్చి, మిగతావాళ్లు మామూలు వాల్యూమ్‌లో వింటే చాలా ఇళ్లలో గొడవ అక్కడితో తీరుతుంది, కొనుగోలు కూడా తప్పుతుంది. మీ టీవీలో ఆ సౌకర్యం ఉందేమో ముందు చూడండి.

కొలత టేపు తీయండి

హాలు పొడవు, వెడల్పు, ఎత్తు, సోఫా నుంచి టీవీకి దూరం. ఈ నాలుగు అంకెలు కాగితం మీద లేకుండా దుకాణానికి వెళ్లకండి.

తెర సంగతి త్వరగా తేల్చుకోవచ్చు. చూపులో సుమారు 30 డిగ్రీలు తెర నిండాలన్నది సినిమా వాళ్ల పాత లెక్క. 43 అంగుళాల టీవీకి అది దాదాపు ఆరడుగుల దూరం, 55 అంగుళాలకు ఏడున్నర అడుగులు. పది పన్నెండు అడుగుల హాల్లో 55కు మించి వెళ్లాల్సిన పని లేదు.

శబ్దానికి గది ఆకారం మరీ ముఖ్యం. బేస్ తరంగాలు పొడవైనవి. ఎదురెదురు గోడల మధ్య అవి ఇరుక్కుని కొన్ని పౌనఃపున్యాల దగ్గర గట్టిగా మోగుతాయి. లెక్క చిన్నదే. శబ్దవేగం సెకనుకు సుమారు 343 మీటర్లు, దాన్ని గది పొడవుకు రెట్టింపుతో భాగించాలి. పన్నెండు అడుగుల హాలుకు 47 హెర్ట్జ్ వస్తుంది. పదడుగులకు 56. హాలు పన్నెండుకు పన్నెండు చదరంగా ఉంటే రెండు దిశల్లోనూ అదే 47 దగ్గర మోత పోగవుతుంది. పాటలో ఒక్క డ్రమ్ దెబ్బ మాత్రం ‘బూం’ అని సాగి, మిగతావి సన్నగా వినపడటానికి కారణం ఇదే. స్పీకర్ చెడిపోలేదు.

చదరపు హాలున్న వారు సోఫాను వెనక గోడకు ఆనించకుండా ఒక అడుగైనా ముందుకు లాగాలి. గోడకు తల ఆనించి కూర్చున్న మనిషికి బేస్ ఉబ్బి వినపడుతుంది, మాట దాని కింద మసకబారుతుంది. ఇరుకు హాల్లో ఆ అడుగు వదులుకోవడం కష్టమే. అయినా రూపాయి ఖర్చు లేకుండా వచ్చే మార్పు ఇంతకన్నా పెద్దది లేదు.

మూడు దారులు

బజారులో ‘హోం థియేటర్’ అన్న ఒక్క పేరు కింద మూడు వేరు వేరు వస్తువులు అమ్ముతారు.

మొదటిది సౌండ్‌బార్. టీవీ కింద పెట్టే పొడవాటి పెట్టె, కొన్నిటికి విడిగా సబ్‌వూఫర్ ఉంటుంది. ఇందులో చూడాల్సింది మధ్య స్పీకర్ ఉందా లేదా అన్నది. పెట్టె మీద 2.0, 2.1 అని ఉంటే ఎడమ, కుడి మాత్రమే. 3.1 అని ఉంటే మాటల కోసం ప్రత్యేకంగా మధ్య స్పీకర్ ఉన్నట్టు. సినిమా మిక్స్‌లో డైలాగులు ఎక్కువ భాగం మధ్య ఛానల్‌లోనే ఉంటాయి. ఆ ఛానల్‌కు సొంత స్పీకర్ ఉంటే దాని స్థాయిని ఒక్కదాన్నే పెంచుకోవచ్చు. పాట పెరగకుండా మాట పెరుగుతుంది. మన అవసరానికి 2.1లో 400 వాట్ల కన్నా 3.1లో 150 వాట్లు మేలు.

రెండోది ఆరు స్పీకర్లు ఒకే పెట్టెలో వచ్చే 5.1 సెట్. ఇక్కడ జాగ్రత్త కావాలి. బుధ్‌వారీ బజార్ వంటి చోట్ల దొరికే చౌక సెట్లలో చాలావాటికి వెనక బ్లూటూత్, పెన్‌డ్రైవ్, ఆక్స్ సాకెట్ తప్ప ఇంకేమీ ఉండవు. బ్లూటూత్‌లో, ఆక్స్‌లో వచ్చేవి రెండే ఛానళ్లు. ఆ రెండింటినే ఆరు స్పీకర్లకు పంచుతుంది. వెనక స్పీకర్లో వినపడేది సినిమాలో వెనక ఉన్న శబ్దం కాదు, ముందరిదే మళ్లీ. పెళ్లి పాటలకు, వినాయక చవితికి అది బాగానే ఉంటుంది, సినిమాకు కాదు. నిజమైన 5.1 కావాలంటే వెనక హెచ్‌డీఎంఐ ఆర్క్ లేదా కనీసం ఆప్టికల్ సాకెట్, దాంతోపాటు డాల్బీ డిజిటల్ డీకోడర్ ఉండాలి. ఇవి రెండూ ఉన్న పేరున్న కంపెనీల సెట్లు పదిహేను–ఇరవై వేల రూపాయల దగ్గర మొదలవుతాయి. చెప్పేది ఒక్కటే: సెట్ ముందు వైపు చూసి కొనకండి, తిప్పి వెనక వైపు చూడండి.

మూడోది ఏవీ రిసీవర్, విడి స్పీకర్లు. ఖర్చు అంతకు మూడు నాలుగు రెట్లవుతుంది, తీగలు ఎక్కువ, చోటూ ఎక్కువే కావాలి. కానీ పదేళ్ల తరవాత రిసీవర్ పాతబడితే దాన్నొక్కదాన్నే మార్చుకోవచ్చు, స్పీకర్లు అలాగే ఉంటాయి. ఒక్కో ముక్కగా కొనుక్కునే వీలూ ఉంది. ముందు రిసీవర్, ఎడమ, కుడి, మధ్య స్పీకర్లు. మరుసటి బోనస్‌కు సబ్‌వూఫర్. ఆ తరవాత వెనకవి. సౌండ్‌బార్‌లో బోర్డు పోతే చాలాసార్లు మొత్తం పెట్టె పక్కన పెట్టాల్సిందే.

బదిలీలున్న ఉద్యోగికి, క్వార్టర్ ఖాళీ చేసేటప్పుడు గోడలు ఉన్నవి ఉన్నట్టు అప్పగించాల్సిన వారికి నా సలహా 3.1 సౌండ్‌బార్. షహడోల్‌కో నాగ్‌పూర్‌కో ఆర్డర్ వస్తే ఒక అట్టపెట్టెలో పెట్టుకుని వెళ్లిపోవచ్చు. రిటైరై తోర్వా వైపో హేమునగర్ వైపో సొంత ఇల్లు కట్టుకున్నవారు, ముఖ్యంగా ఇంకా ప్లాస్టరింగ్ కానివారు, రిసీవర్ వైపు ఆలోచించాలి. గోడల్లో పైపులు వేసేటప్పుడే టీవీ దగ్గర నుంచి సోఫా రెండు పక్కలకూ ఖాళీ పైపులు వేయించుకుంటే తరవాత నేల మీద తీగలు పాకించే బాధ ఉండదు. ఇప్పుడు స్పీకర్లు కొనకపోయినా పైపులు వేయించండి.

పెట్టె మీది అంకెలు

4,000 వాట్లు, 10,000 వాట్లు అని ఎర్రటి స్టిక్కర్ల మీద ఉండే అంకె పక్కన చిన్నగా ‘పీఎంపీఓ’ అని ఉంటుంది. దాన్ని లెక్కించడానికి అందరూ ఒప్పుకున్న పద్ధతంటూ లేదు, ఎవరికి తోచింది వారు వేసుకుంటారు. చూడాల్సింది ‘ఆర్ఎంఎస్’ అంకె. అది కూడా నమ్మకం కుదరకపోతే వెనక రేటింగ్ ప్లేట్ చదవండి. అక్కడ విద్యుత్ వినియోగం 60 వాట్లని రాసి ఉంటే, అందులోంచి నిలకడగా 500 వాట్ల శబ్దం రాదు. లోపలికి వెళ్లినదానికన్నా ఎక్కువ బయటికి రాదు కదా. పెద్ద రిసీవర్లలో ఆ ప్లేటు మీది అంకెను కాస్త వేరే పద్ధతిలో వేస్తారు. చౌక సెట్ల గొప్పలు పట్టుకోవడానికి మాత్రం ఈ పరీక్ష చాలు.

అసలు ఎన్ని వాట్లు కావాలి? ఒక మామూలు స్పీకర్‌కు ఒక వాట్ ఇస్తే మీటరు దూరంలో 87 డెసిబెల్స్ ఇస్తుందనుకుందాం. మూడు మీటర్ల దూరంలో సోఫా దగ్గరికి వచ్చేసరికి అది 78–80కి తగ్గుతుంది. మనం ఎదురెదురుగా మాట్లాడుకునే మాట 60 డెసిబెల్స్ దగ్గర ఉంటుంది. అంటే ఒక్క వాట్‌తోనే మాటకు మించిన శబ్దం హాల్లో ఉంది. పది వాట్లకు 88–90 వస్తుంది. అక్కడి నుంచి చెవికి రెట్టింపు మోత అనిపించాలంటే మరో పది డెసిబెల్స్, అంటే వంద వాట్లు కావాలి. వాట్లు రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్స్ మాత్రమే. 100 వాట్ల సెట్‌కూ 200 వాట్ల సెట్‌కూ మధ్య నాలుగైదు వేలు ఎక్కువ పెట్టేవారికి దక్కేది ఆ మూడే.

తీగలో ఏముంది

టీవీ వెనక ఉన్న హెచ్‌డీఎంఐ సాకెట్లలో సాధారణంగా ఒక్కదాని మీదే ‘ఆర్క్’ లేదా ‘ఈఆర్క్’ అని రాసి ఉంటుంది. సౌండ్‌బార్ తీగ అందులోకే వెళ్లాలి. పక్క సాకెట్‌లో పెట్టి, శబ్దం రావట్లేదని సెట్ తిరిగిచ్చేసిన వారు తక్కువేమీ కాదు.

ఆప్టికల్ తీగ డాల్బీ డిజిటల్ 5.1 వరకు మోస్తుంది. ఓటీటీలు ఎక్కువగా వాడే డాల్బీ డిజిటల్ ప్లస్‌ను, దాని మీద వచ్చే అట్మాస్‌ను మోయలేదు. మామూలు ఆర్క్ ఆ రెండింటినీ మోస్తుంది. బ్లూ-రే డిస్క్‌లో ఉండే నష్టం లేని ట్రూహెచ్‌డీ శబ్దానికే ఈఆర్క్ కావాలి. మన ఇళ్లలో బ్లూ-రే ఎక్కడో గానీ లేదు కాబట్టి, ఈఆర్క్ లేదని మంచి సౌండ్‌బార్‌ను వదులుకోనక్కర్లేదు. బ్లూటూత్‌తో మాత్రం టీవీకి కలపకండి. రెండు ఛానళ్లే రావడం ఒకటి, పెదవులకూ మాటకూ పొంతన తప్పడం ఇంకొకటి.

తీగ సరిగ్గా పెట్టినా టీవీ సెట్టింగ్స్‌లో డిజిటల్ ఆడియో ‘పీసీఎం’ అని ఉంటే చాలా టీవీలు రెండు ఛానళ్లకు కుదించి పంపుతాయి. దాన్ని ‘ఆటో’కో ‘పాస్‌త్రూ’కో మార్చాలి. సినిమా కూడా ఆ శబ్దంతో వచ్చి ఉండాలి. కొన్ని ఓటీటీలు పై స్థాయి ప్లాన్‌లోనే అట్మాస్ ఇస్తాయి. డీటీహెచ్ తెలుగు ఛానళ్లలో చాలా కార్యక్రమాలు రెండు ఛానళ్ల శబ్దంతోనే వస్తాయి. ఇక ఎవరో పెన్‌డ్రైవ్‌లో ఇచ్చిన దొంగ కాపీకి ఎంత పెద్ద సెట్ ఉన్నా చేసేదేమీ లేదు.

సీలింగ్ ఫ్యాన్, అట్మాస్

డాల్బీ అట్మాస్ 2012లో థియేటర్లకు వచ్చింది. ఇప్పుడు పదివేల రూపాయల సౌండ్‌బార్ మీద కూడా ఆ ముద్ర కనపడుతోంది. ముద్ర ఉన్నంత మాత్రాన పైన స్పీకర్ ఉన్నట్టు కాదు. ఆ సంకేతాన్ని చదవగలదని మాత్రమే అర్థం. నిజంగా పైకి చూసే స్పీకర్లున్న సౌండ్‌బార్లు శబ్దాన్ని సీలింగ్‌కు కొట్టి మన మీదికి దించుతాయి. దానికి సీలింగ్ చదునుగా, గట్టిగా, ఎనిమిది నుంచి పద్నాలుగు అడుగుల లోపు ఎత్తులో ఉండాలి. బ్రిటిష్ కాలం నాటి బంగళాల్లో పెంకు కప్పు, ఏటవాలు పైకప్పు, మరీ ఎత్తైన సీలింగ్ ఉంటే ఆ శబ్దం దారి తప్పుతుంది. టీవీకీ సోఫాకీ సరిగ్గా మధ్యలో ఫ్యాన్ తిరిగే హాల్లోనూ ఫలితం అంతంతమాత్రమే. ఈ ఊళ్లో ఫ్యాన్ ఆపేసి సినిమా చూడటం డిసెంబర్, జనవరిల్లోనే సాధ్యం. అట్మాస్ కోసం పెట్టే అదనపు సొమ్ము మధ్య స్పీకర్ మీద పెట్టండి.

సబ్‌వూఫర్, పక్కింటి నైట్ డ్యూటీ

రైల్వే కాలనీలో రాత్రికీ పగలుకీ తేడా ఉండదు. గోడ అవతల లోకో పైలట్ రాత్రంతా బండి నడిపి, పొద్దున తొమ్మిదికి పడుకుని ఉండొచ్చు. రాత్రి మళ్లీ డ్యూటీ ఎక్కాలి. ఆయన నిద్ర ఆయన ఒక్కడి సొంత వ్యవహారం కాదు, ఆ బండి వెనక ఉన్నవాళ్లందరిదీ.

గోడ దాటి వెళ్లేది మాట కాదు, బేస్. పై స్వరాలను ఇటుక గోడ బాగానే ఆపుతుంది. 40–50 హెర్ట్జ్ తరంగం గోడనూ నేలనూ కదిలించి అవతల గదిలో దిగుతుంది. గోడకు కోడిగుడ్ల అట్టలు అంటిస్తే ఆగుతుందనేది వట్టి మాట. వాటికి అంత బరువూ మందమూ లేవు. పనిచేసేవి వేరు. సబ్‌వూఫర్‌ను ఉమ్మడి గోడ దగ్గర కాకుండా బయటి గోడ వైపు పెట్టాలి. మూలలో పెడితే బేస్ బాగా పెరుగుతుంది కాబట్టి మూల వదలాలి. కింద మందపాటి రబ్బరు మ్యాట్ వేస్తే నేలలోకి దిగే అదురు కొంత తగ్గుతుంది. అన్నిటికన్నా తేలికైనది సబ్‌వూఫర్ స్థాయిని కంపెనీ పెట్టినదానికన్నా నాలుగైదు గీతలు తగ్గించడం. మాట కూడా అప్పుడే తేటపడుతుంది.

సబ్‌వూఫర్‌కు చోటు వెతకడానికి ఒక పద్ధతి ఉంది, చూసేవాళ్లకు నవ్వు తెప్పిస్తుంది. దాన్ని తీసి సోఫా మీద, మీరు కూర్చునే చోటే పెట్టండి. బేస్ బాగా ఉన్న పాట వేయండి. మీరు నేల మీద మోకాళ్లతో పాకుతూ గోడల వెంట వినండి. ఎక్కడ బేస్ ఉబ్బకుండా, పోకుండా సమంగా వినపడిందో అక్కడ సబ్‌వూఫర్ పెట్టాలి. పిల్లలకు ఈ పని అప్పగిస్తే ఉత్సాహంగా చేస్తారు. విడి స్పీకర్లున్న వారు రిసీవర్లో క్రాసోవర్ 80 హెర్ట్జ్ దగ్గర ఉంచితే చిన్న స్పీకర్ల మీద భారం తగ్గుతుంది.

చట్టం కూడా ఉంది. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో పరిమితి పగలు 55 డెసిబెల్స్, రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా 45. సొంత ఇంట్లోని సౌండ్ సిస్టమ్ మోత ఇంటి హద్దు దగ్గర ఆ పరిమితిని 5 డెసిబెల్స్‌కు మించి దాటకూడదు. డీజేల మోతపై తనంతట తానే విచారణ చేపట్టిన ఛత్తీస్‌గఢ్ హైకోర్టు ఉన్నది ఈ ఊళ్లోనే. పక్కింటాయన కోర్టుకు వెళ్లడు గానీ, పలకరింపు మానేస్తాడు.

స్పీకర్లు ఎక్కడ

విడి స్పీకర్లు కొన్నవారు ఎడమ, కుడి వాటి మధ్య దూరాన్ని దాదాపు సోఫా దూరానికి సమానంగా, లేదా కాస్త తక్కువగా ఉంచాలి. అవి చెవి ఎత్తులో ఉండాలి. మధ్య స్పీకర్‌ను టీవీ స్టాండ్ లోపలి అరలో తోసేయకుండా అర అంచు దాకా ముందుకు లాగి, ముఖం కాస్త పైకి, చెవి వైపు తిప్పాలి. దీనికి కింద ఒక రబ్బరు ముక్క పెడితే చాలు. వెనక స్పీకర్లను నిజంగా వెనక పెట్టాలని లేదు. కూర్చున్న చోటికి రెండు పక్కలా, కాస్త వెనగ్గా, చెవికి రెండడుగుల పైన ఉంటే సరిపోతుంది. చాలామంది ఆ రెంటినీ కూడా చోటు లేదని టీవీ పక్కనే పెట్టేస్తారు. అలాగైతే వాటిని కొనకపోవడమే నయం.

స్పీకర్ తీగలో ప్లస్, మైనస్ అన్ని వైపులా ఒకేలా ఉండాలి. ఒకవైపు తిరగబడితే బేస్ మాయమై, గొంతు ఎక్కడి నుంచి వస్తోందో తెలియకుండా పోతుంది. రిసీవర్‌తో వచ్చే చిన్న మైక్‌తో ఆటోమేటిక్ సెట్టింగ్ చేసేటప్పుడు ఫ్యాన్, కూలర్ ఆపి, గూడ్స్ వెళ్లాక మొదలుపెట్టండి. ఆ తరవాత మధ్య స్పీకర్‌ను చేత్తో మరో రెండు మూడు డెసిబెల్స్ పెంచండి. మైక్‌కు తెలుగు రాదు కదా.

దుకాణంలో

గోల్‌బజార్ దుకాణంలో అయినా, మాల్‌లోని షోరూంలో అయినా డెమోకు వేసేది పేలుళ్లున్న ఇంగ్లిష్ సినిమా, లేదంటే బేస్ అదిరే పాట. ఏ సెట్టయినా దాంతో బాగానే అనిపిస్తుంది. మీ ఫోన్‌లోని ఓటీటీని వాళ్ల టీవీలో తెరిపించి, వాన పడుతూనో బజారు గోలలోనో ఇద్దరు తెలుగులో మాట్లాడుకునే దృశ్యం పెట్టించండి. వాల్యూమ్ బాగా తగ్గించమనండి. ఇంట్లో పెద్దవాళ్లను వెంట తీసుకెళ్లండి. మాట వాళ్లకు తెలిస్తే ఆ సెట్ తీసుకోవచ్చు. ఆన్‌లైన్‌లో కొంటే వాపసు గడువు ఎన్ని రోజులో చూసుకుని, ఆ లోపే ఇదే పరీక్ష ఇంట్లో చేయండి. సర్వీస్ సెంటర్ బిలాస్‌పూర్‌లో ఉందా, సెట్‌ను రాయ్‌పూర్ పంపాలా అన్నది బిల్లు కట్టక ముందే అడగాలి. ఐదారు కిలోల సబ్‌వూఫర్‌ను అట్టపెట్టె లేకుండా అంత దూరం పంపడం ఎవరికీ సరదా కాదు. కాబట్టి వారంటీ అయ్యేదాకా అట్టపెట్టె అటక మీదే ఉంచండి.

మే నెలలో 45 డిగ్రీలు తాకే ఊరిది. రిసీవర్‌ను తలుపులున్న అల్మరాలో పెట్టకూడదు, దాని మీద లేసు గుడ్డ కప్పకూడదు. పైన కనీసం నాలుగైదు అంగుళాల ఖాళీ ఉండాలి. పట్టాల వైపు కిటికీ ఉన్న ఇళ్లలో బొగ్గు దుమ్ము గాలి రంధ్రాల్లో పేరుకుంటుంది. నెలకోసారి ప్లగ్ తీసి మెత్తటి బ్రష్‌తో దులపాలి. ఎర్తింగ్ సరిగ్గా లేని సాకెట్‌లో పెడితే స్పీకర్లలో ‘హమ్’ అని సన్నని మోత వస్తుంది. టీవీ, సెట్‌టాప్ బాక్స్, సౌండ్ సిస్టమ్ మూడింటినీ ఒకే మంచి ఎక్స్‌టెన్షన్ బోర్డు మీదికి తెస్తే చాలాసార్లు అది పోతుంది. పోకపోతే ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్త్ చూపించండి. మూడో పిన్ను విరిచేసి వాడటం మాత్రం వద్దు. ఉరుములు మొదలైతే ప్లగ్‌తో పాటు డిష్ కేబుల్ కూడా తీసేయండి.